తూము ఎత్తిన చెయ్యి

తుఫాను వెలిసి రెండు వారాలు కావస్తున్నా రేపోనుయి జిల్లాలో ఏ ఇద్దరు కలిసినా అదే ప్రశ్న. నాలుగో నంబరు తూము ఎత్తింది ఎవరు?

కిందటి వారం చదవనివారి కోసం ఆ రాత్రి సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. వానకి మడుగు నిండి గట్టు అంచుదాకా వచ్చింది. కరెంటు పోయింది. తూము ఎత్తి నీళ్ళు వదిలేయడానికి అనుమతి ఇమ్మని కౌన్సిల్ డ్రైనేజీ ఇంజనీరు ఆశాజ్యోతి, హామిల్టన్ నగరంలోని తన ఇంటి నుంచి ఫోన్ మీద ఫోన్ చేసింది. ఆగమన్నారు. హైవే మీద నీళ్ళు పారుతుండటంతో ఆమె స్వయంగా రాలేకపోయింది. తెల్లారి చూస్తే తూము ఎత్తేసి ఉంది. మడుగు నీళ్ళు టాలీ అన్నదమ్ముల పొలాల మీదికి మళ్ళాయి. అవతలి ఒడ్డున ఆ నేల మూలవాసులైన మావోరీల మరాయె, వాళ్ళ సమావేశాల ఇల్లూ వంటశాలా ఉన్న మిట్ట, మునగకుండా బయటపడింది. కానీ అన్న నీల్ టాలీ కొట్టంలో కట్టేసి ఉన్న లేగదూడలు సగానికి పైగా చచ్చిపోయాయి.

నీల్ రైతు మాత్రమే కాదు, కౌన్సిలర్ కూడా. తూము గది తాళంచెవి పంపు మనిషి విరేము దగ్గర ఉంటుంది. విరేము ఆ మరాయెకి చెందినవాడు. ఇంక అనుమానానికి వేరే దారి ఎక్కడుంది? విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని అతనికి చెప్పే బాధ్యత పై అధికారిగా ఆశ మీద పడింది. విరేము వాదించలేదు. తాళంచెవుల గుత్తి ఆమె బల్ల మీద పెట్టి, తూము ఇరుసుకి ఈమధ్యే గ్రీజు పట్టించాననీ, చలికాలం అయ్యేదాకా దాన్ని చూసుకోనక్కర్లేదనీ చెప్పి వెళ్ళిపోయాడు. అతన్ని పంపించేశాక ఆశ చాలాసేపు ఆ గుత్తి ముట్టుకోలేకపోయింది.

ఇక ఈ గురువారం సాయంత్రం ఊరి హాల్లో కౌన్సిల్ సమావేశం. విరేము మీద పోలీసులకి ఫిర్యాదు చెయ్యాలన్నది నీల్ తీర్మానం.

ఆ మధ్యాహ్నం ఆశ గ్రాహం టాలీ పొలానికి బయల్దేరింది. గ్రాహం నీల్‌కి తమ్ముడు. తూముకి ఆనుకుని ఉన్నది అతని పొలమే. నీళ్ళు ఎంతవరకు తీశాయో చూసి సమావేశంలో చెప్పాలి.

రేపోనుయి అంటే మావోరీ భాషలో పెద్ద చిత్తడి. ఊరి పేరు మాత్రం పెంబ్రిడ్జ్, చిత్తడిని కొలవడానికి వచ్చిన తెల్ల సర్వేయరు పేరది. కౌన్సిల్ ఆఫీసు బోర్డు మీద ఇప్పుడు రెండు పేర్లూ ఉంటాయి, ఏది పైన ఉండాలన్న దాని మీద ఒక ఏడాది పోట్లాడుకున్నాక. ముత్తాతల కాలంలో ఇదంతా జమ్ము, నీళ్ళు, పాముల్లాంటి మలుగు చేపలు. మావోరీలకి అదే తిండి, అదే దారి. తర్వాత ప్రభుత్వం కొంత కొన్నామంది, కొంత చట్టం ప్రకారం తీసుకున్నామంది. కాలువలు తవ్వి నీళ్ళు తోడేసి, ముక్కలు చేసి రైతులకి పంచింది. అయితే అది పీట్ నేల. వేల ఏళ్ళ పాటు జమ్మూ నాచూ కుళ్ళి పేరుకున్న నల్లటి నేల. నీళ్ళు తీసేసిన కొద్దీ అది ఎండి కుంగుతుంది. కుంగి కుంగి ఇవాళ పొలాలన్నీ నది కంటే పల్లంలో ఉన్నాయి. పంపులు ఆగితే మళ్ళీ మొదటికే.

ఈ నేల కథ ఆశకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమెది కైకలూరు పక్క పల్లె. వాళ్ళ నాన్న కొల్లేట్లో గట్లు పోసి చేపల చెరువులు వేసినవాళ్ళలో ఒకడు. ఆమె ఇంజనీరింగ్ చదువుతుండగా ప్రభుత్వం ఆ గట్లు కొట్టేయించింది. పొక్లెయిన్ గట్టు మీదికి ఎక్కుతుంటే నాన్న చెప్పులు విడిచి పక్కన నిలబడి చూశాడు. ఆ చలికాలం చెరువు ఉన్నచోట పక్షులు దిగాయి. వాటినీ అలాగే నిలబడి చూశాడు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. ఈ సంగతి ఆశ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చిత్తడిని చిత్తడిగా వదిలేయమనే వాళ్ళు ఆమెని తమ మనిషి అనుకుంటారు, పంపులు పెంచమనే రైతులు తమ మనిషి అనుకుంటారు. రెండూ సగం సగమే నిజం.

ఆమె వెళ్ళేసరికి గ్రాహం పాలు తీస్తున్నాడు. రెండు వరసల్లో ఆవులు, పొదుగులు చేతికందేలా మధ్యలో తవ్విన గోతిలో రబ్బరు ఏప్రన్ కట్టుకుని అతను. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. నీటిమట్టం కొలిచే గుంజ చుట్టూ ఒండ్రు పేరుకుంది, పార కావాలి అని ఆశ అడిగితే, పాత షెడ్డులో ఉంటుంది తీసుకోమని తలతో చూపించాడు.

షెడ్డు గోడ నిండా తాతల నాటి సామాన్లు. కొడవళ్ళు, రంపాలు, గడ్డి కోసే కత్తులు, అన్నిటి మీదా దుమ్మూ బూజూ. పార అందుకోబోతూ ఆశ ఆగిపోయింది. పార పక్కన మేకుకి వేలాడుతున్న ఇనుప పిడి మీద దుమ్ము లేదు. మోచెయ్యంత పొడుగు, చివర నలుపలకల బెజ్జం. బెజ్జంలో నీలం రంగు గ్రీజు.

పడవలకి వాడే ఆ నీలం గ్రీజు విరేము తప్ప ఇంకెవరూ వాడరు. తీరానికి వెళ్ళినప్పుడు సొంతంగా కొనుక్కొస్తాడు, మామూలు గ్రీజు నీళ్ళకి ఆగదని. తూము ఇరుసుకి పట్టించింది అదే. కరెంటు లేనప్పుడు, గది బయటే ఉన్న ఆ ఇరుసుకి పిడి తగిలించి చేత్తో తిప్పాలి. కౌన్సిల్ పిడి తాళం వేసిన గదిలో ఉంది, తుఫాను తర్వాత కూడా అక్కడే, పొడిగా, గ్రీజు మరక లేకుండా ఉంది. అందుకే ఎవరికీ లెక్క తేలలేదు. కానీ కౌన్సిల్ రాకముందు తూములన్నీ రైతుల డ్రైనేజీ బోర్డువి. టాలీల తాత ఆ బోర్డుకి ఛైర్మన్. బోర్డు రద్దయినప్పుడు కాయితాలు అప్పగించారు గానీ, ఛైర్మన్ ఇంట్లో పిడి ఒకటి ఉండిపోయిందని ఎవరికి తోస్తుంది?

ఆశ పార తియ్యలేదు. పిడి పట్టుకుని పాల షెడ్డుకి వచ్చి, గ్రాహంకి కనిపించేలా నిలబడింది.

గ్రాహం చూశాడు. ఒక ఆవు పొదుగు నుంచి గొట్టాలు తీసి పక్క ఆవుకి తగిలించాడు. 

"ఇవి అవ్వాలి ముందు. ఇంట్లోకి వెళ్ళి కెటిల్ పెట్టు. వస్తాను," అన్నాడు.

వంటింట్లో ఆశ కెటిల్ పెట్టి, బల్ల మీద ఒక పాత పేపరు పరిచి పిడిని దాని మీద ఉంచింది. ఫ్రిజ్ పక్కన గోడ మీద గ్రాహం భార్య మెరియానా ఫొటో ఉంది. నవ్వుతున్న మావోరీ మనిషి, చేతిలో పెద్ద మలుగు. ఆశ ఈ ఉద్యోగంలో చేరకముందే, పదేళ్ళ కిందట, ఆమె జబ్బు చేసి పోయింది. రోడ్డు పక్క చర్చి ఆవరణలో టాలీల సమాధులు వరసగా ఉంటాయి కాబట్టి, ఆమె కూడా అక్కడే ఉంటుందని ఆశ ఇన్నాళ్ళూ అనుకుంది.

గ్రాహం బూట్లు బయట విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. రెండు కప్పుల్లో టీ పోసి ఒకటి ఆమె ముందు పెట్టాడు. తర్వాత పిడి వంక చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

మెరియానా చర్చి దగ్గర లేదట. తనవాళ్ళ దగ్గరే పడుకుంటానని చివరి రోజుల్లో అడిగింది. మరాయె వెనక వాళ్ళ శ్మశానం ఉంది, ఉరుపా అంటారు. పూర్వం అదీ మిట్టే. చుట్టూ ఉన్న పొలాలతో పాటే అదీ కుంగింది. మడుగు వైపు చివరి వరసలో మెరియానాది. టాలీల కోడలు అక్కడ ఉండటానికి వీల్లేదని గ్రాహం తండ్రి పట్టుబట్టాడు. మాట చెల్లకపోయేసరికి ఆయనా, నీల్ కూడా మట్టికి రాలేదు. మావోరీల పద్ధతిలో మూడు రోజులు జరిగిన అంత్యక్రియల్లో గ్రాహం ఒక్కరోజే ఉన్నాడు. పాలు తియ్యాలని చెప్పి వచ్చేశాడు. పాలు తియ్యడానికి మనుషులు దొరక్క కాదు. తండ్రికి భయపడి.

"ఆ తర్వాత మళ్ళీ ఆ గేటు దాటలేదు," అన్నాడు గ్రాహం. "రావద్దని ఎవరూ అనలేదు. నాకే మొహం చెల్లలేదు."

తుఫాను నాడు తెల్లవారుజామున టార్చి తీసుకుని గట్టు మీదికి వెళ్ళాడు. అవతల నీళ్ళు ఉరుపాలోకి ఎక్కుతున్నాయి. చివరి వరస సమాధి రాళ్ళు సగం మునిగి కనిపించాయి. కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే లైను కలవలేదు. వెనక్కి వచ్చి పిడి తీసుకెళ్ళాడు.

"నీల్ దూడలు కొట్టంలో ఉన్నాయని తెలీదా?" అని అడిగింది ఆశ. తెలీదనే అంటాడని అనుకుంది. అలా అనాలని కూడా అనుకుంది.

"తెలుసు."

"తెలిసే ఎత్తారా?"

"తెలిసే ఎత్తాను."

టీ చల్లారిపోతోంది. ఇద్దరూ ముట్టుకోలేదు.

తూము ఎత్తి నేరుగా కొట్టం దగ్గరికే పరిగెత్తానన్నాడు. నీళ్ళు చేరేలోగా దూడల్ని తోలెయ్యగలననుకున్నాడు. కానీ పల్లం కాబట్టి నీళ్ళు అతని కంటే ముందే చేరాయి. నడుములోతు నీళ్ళలో ఒక్కొక్క దూడనీ భుజానికెత్తుకుని మిట్టకి చేర్చాడు. కొన్ని దక్కాయి. వెలుగు వచ్చేసరికి నీల్ వచ్చి, నీళ్ళలో దూడని పట్టుకుని ఉన్న తమ్ముణ్ణి చూశాడు.

"నన్ను కౌగిలించుకున్నాడు, ఆశా. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. చిన్నప్పుడు కూడా ఎప్పుడూ లేదు. నా దూడల కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నావురా అని ఏడ్చాడు. అప్పుడు ఎలా చెప్పను? ఆ రోజు చెప్పలేదు, మర్నాడు చెప్పలేదు. ఇప్పుడు వాడు ఊరంతా నా గురించే చెప్పుకుంటున్నాడు."

ఆశకి అతని మీద కోపం రావాలి. రాలేదు. ఆ రాత్రి తను ఫోన్ చేసి అడిగింది కూడా అదే పని చెయ్యమనే కదా. కౌన్సిల్ సరేనంటే ఆ దూడలు అలాగే చచ్చిపోయేవి, తను మాత్రం హామిల్టన్‌లో పొడిగా కూర్చుని ఉండేది.

"విరేము పని లేకుండా ఇంట్లో కూచున్నాడు," అంది చివరికి. "పిల్లల్ని స్కూలు దగ్గర దింపడానికి కూడా ఊళ్ళోకి రావడం లేదట. పొమ్మని చెప్పింది నేనే."

"తెలుసు. ఇవాళ నేనే చెప్తాను. అందరి ముందూ. నువ్వు చెప్పొద్దు. నీల్ ఈ మాట నా నోటి నుంచే వినాలి."

ఆశ ఒప్పుకుంది. మీరు చెప్పకపోతే మాత్రం నేను చెప్పి తీరతానని కూడా అంది. గ్రాహం తలూపాడు. పిడిని పేపర్లో చుట్టి అల్మరాలో పెట్టబోయి, ఏమనుకున్నాడో మళ్ళీ బల్ల మీదే వదిలేశాడు.

కారులో కూర్చుని భర్త మహేంద్రకి ఫోన్ చేసింది. అతను హామిల్టన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తాడు, డ్యూటీ దిగే వేళ. జరిగిందంతా మహేంద్ర విన్నాడు. నీ ఉద్యోగం ఏమిటి, తెలిసిన సంగతి పై వాళ్ళకి చెప్పడమే కదా అన్నాడు. మనం ఇక్కడ సెటిల్ అవ్వడానికి ఎంత పట్టిందో గుర్తు చేశాడు. వాళ్ళ గొడవలు వాళ్ళకి తరాల నాటివి, మధ్యలో నువ్వు నలుగుతావు అన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

"మాటిచ్చానండీ," అంది ఆశ.

"ఆ మాటే ఎందుకిచ్చావో అర్థం కావట్లేదు," అన్నాడు మహేంద్ర. తర్వాత గొంతు తగ్గించి, పాప లాస్యని డ్యాన్స్ క్లాసు నుంచి తను తీసుకొస్తానులే, నువ్వు మెల్లగా డ్రైవ్ చేసుకుంటూ రా అని పెట్టేశాడు.

ఊరి హాలు అప్పటికే నిండిపోయింది. ఒక గోడ మీద పాత డ్రైనేజీ బోర్డు ఛైర్మన్ల ఫొటోలు, మీసాలతో, బిగించిన కాలర్లతో. ఎదురు గోడ మీద మరాయెవాళ్ళు బహూకరించిన చెక్కుడు పలక. జనం కూడా తెలిసో తెలియకో అలాగే చెరో పక్క కూర్చున్నారు. విరేము వెనక వరసలో భార్య పక్కన తల వంచుకుని ఉన్నాడు.

మరాయె వైపు ముందు కుర్చీలో హిరిటా ఆంటీ. మెరియానాకి అక్క, ఆ మరాయెకి పెద్దదిక్కు. ఆంటీ అని పిలవడం మన తెలుగువాళ్ళకే ఉందనుకున్న ఆశకి, చేరిన కొత్తలో మేయరు దగ్గర్నుంచి చెత్తబండి డ్రైవరు దాకా ఆమెని ఆంటీ అనడం విని నవ్వొచ్చింది. తనకీ అదే పిలుపు సులువుగా వచ్చింది. ఆమె కూడా మొదటి రోజే ఆశ ఊరేది, ఆ ఊళ్ళో నీళ్ళేవి అని అడిగింది. ఉద్యోగం గురించి అడగలేదు.

నీల్ లేచి మాట్లాడాడు. ఆశ అనుకున్నట్టు అరవలేదు. మావోరీలంటే తనకి ద్వేషం లేదన్నాడు. ఎవరో ఒకరు రాత్రి వేళ తూము ఎత్తి, కనీసం వచ్చి తలుపు కొట్టి చెప్పలేదన్నదే తన బాధ అన్నాడు. దూడలు ఎన్ని పోయాయో చెప్పాడు. "నా తమ్ముడు లేకపోతే ఒక్కటి కూడా మిగిలేది కాదు," అని కూర్చోబోతూ వెనక్కి తిరిగి గ్రాహం భుజం తట్టాడు.

మేయరు, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న నెమ్మదైన మనిషి, ఓటు వేసేముందు ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగింది.

గ్రాహం లేచాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.  అతను మామూలుగా సమావేశాలకే రాడు, వచ్చినా నోరు విప్పడు.

"నేను..." అన్నాడు.

"కూర్చో, గ్రాహం."

అంది హిరిటా ఆంటీ. కర్ర ఆనించుకుని అప్పటికే లేచి నిలబడింది. ఆమె గ్రాహంని పేరు పెట్టి పిలవగా ఆ ఊళ్ళో చాలామంది వినడం అదే మొదలు. ఆమె మేయరు వైపు తిరిగింది.

"విరేముని వదిలెయ్యండి. వాడు ఆ రాత్రంతా మరాయెలో పిల్లలూ ముసలివాళ్ళ దగ్గర ఉన్నాడు. తూము ఎత్తింది నేను. ఏ కాయితం మీద సంతకం పెట్టమన్నా పెడతాను."

 రెండు వైపులా గుసగుసలు బయల్దేరాయి. గ్రాహం కూర్చోలేదు. అతని మొహంలో ఆశ్చర్యం కంటే, దెబ్బ తిన్న మనిషి తాలూకు తడబాటు ఎక్కువ కనిపించింది ఆశకి. ఎవరికీ తెలియదనే కదా తను అనుకుంది! ఈమెకి ఎలా తెలిసింది? తెలిసి, పదేళ్ళుగా గడప తొక్కని మరిది కోసం ఈ వయసులో పోలీసు కేసు నెత్తి మీద వేసుకుంటోందా?

నీల్ తల అడ్డంగా ఊపాడు. "ఆంటీ, మీరు మెట్లు ఎక్కడానికే ఇద్దరి సాయం తీసుకుంటారు. ఎవర్ని కాపాడుతున్నారు?"  నీల్ హాలంతా కలయజూసి, ఆశ దగ్గర ఆగాడు. "ఇంజనీరు ఇక్కడే ఉంది. ఆ ఇరుసు తిప్పడం ఈమె వల్ల అవుతుందో లేదో చెప్పమనండి."

మేయరు మైకు ఇటు పంపించింది.

ఆశ లేచింది. అవుతుందంటే విరేము రేపే పనిలోకి వస్తాడు, అన్నదమ్ములు అన్నదమ్ములుగా మిగులుతారు, గ్రాహంకి ఇచ్చిన మాట నిలబడుతుంది. ఒక్క ముసలామె మాత్రం స్టేషనుకి వెళ్తుంది. కాదంటే మళ్ళీ విరేమే. హిరిటా ఆంటీ ఆమె వైపే చూస్తోంది, ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకో అన్నట్టు చూసే చూపు. గ్రాహం ఇంకా ఆంటీ వంకే చూస్తున్నాడు.

"గ్రీజు కొత్తది కాబట్టి ఓపిక పడితే ఎవరైనా తిప్పగలరు," అంది ఆశ. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆంటీ కూడా తిప్పగలరు."

మరాయె వైపు నుంచి ఎవరో ఊపిరి వదిలారు. ఆంటీ కళ్ళు మూసుకుంది.

"కానీ ఆ రోజు తిప్పింది ఆమె కాదు."

"మరి ఎవరు?" అన్నాడు నీల్.

అడిగిన మనిషి వెనకే, టోపీ చేత్తో పట్టుకుని, తమ్ముడు నిలబడి ఉన్నాడు.